ఏడు పేర్ల నది, మా వంటింట్లో కడప బండ

మా వంటింటి గట్టు మీద పరిచింది కడప బండ. చెన్నైలో పాత ఇళ్ళలో ఎక్కడ చూసినా ఇదే, ఇక్కడివాళ్ళు కడప్పా కల్లు అంటారు. మొన్న ఆదివారం అమ్మ నిమ్మకాయ పులిహోర చేస్తుంటే రసం కాస్త గట్టు మీద ఒలికింది, తుడవడం మర్చిపోయాం, సాయంత్రానికి నున్నటి నల్ల బండ మీద తెల్లగా మచ్చ పడింది. అమ్మ సబ్బుతో రుద్దింది, కొబ్బరి పీచుతో రుద్దింది, పోలేదు. అది మరక కాదమ్మా, అక్కడ రాయి కొంచెం కరిగింది అన్నాను. "రాయి కరిగేదేంది నాయనా, అదేమన్నా బెల్లమా" అంది. ఆ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పడానికి నాకు గంట పట్టింది. చాలా రోజులుగా రాయాలనుకుంటున్నదీ అదే కాబట్టి ఆమెకు చెప్పిందంతా ఇక్కడ పెడుతున్నాను.

మాది బనగానపల్లె దగ్గర పల్లెటూరు. అక్కడ అన్నీ నాపరాళ్ళే. గోడ నాపరాయి, మిద్దె నాపరాయి, అరుగు నాపరాయి, చేను చుట్టూ నిలబెట్టిన కంచె కూడా నాపరాయే. నాపరాయి, కడప బండ, బేతంచెర్ల పాలిష్ బండ, పేర్లు వేరైనా అన్నీ సున్నపురాయి రకాలే. వాన చినుకు గాలిలోంచి పడుతూ కొంచెం బొగ్గుపులుసు వాయువును కలుపుకుంటుంది, మట్టిలోకి దిగాక వేర్ల దగ్గర ఇంకా ఎక్కువ కలుపుకుంటుంది, అలా నీళ్ళకు కాస్త పులుపు వస్తుంది. నిమ్మరసం అంత కాదు, నాలుకకు తెలియనంత. కానీ ఆ పులుపే లక్షల ఏళ్ళు రాతి పగుళ్ళలోకి దిగుతూ పోతే పగులు సందవుతుంది, సందు సొరంగమవుతుంది, చివరికి పైన పారాల్సిన నది కిందికి దిగిపోతుంది. ఇలాంటి నేలను కార్స్ట్ అంటారు.

మా ఊరి పక్కన ఒక కుంట ఉండేది. వాన గట్టిగా పడితే ఒక్క రోజులో నిండేది, నాలుగైదు రోజుల్లో నీళ్ళన్నీ మాయం. ఎండకు ఇంకిపోయాయి అనుకోవడానికి లేదు, అది మబ్బు పట్టిన శ్రావణ మాసం. చిన్నప్పుడు అవ్వను అడిగితే "యాడికి పోతాయిరా నీళ్ళు, బండ కిందికి పోయింటాయి, మళ్ళా యాడనో ఒకచోట లేస్తాయిలే" అనేది. నేను జియాలజీ పుస్తకాలు చదివింది చాలా తర్వాత, వాటిలో ఉన్నది కూడా అవ్వ చెప్పిన మాటే.

అలా లేచిన నీళ్ళు మా వైపు కావలసినన్ని. యాగంటి కోనేట్లోకి కొండలోంచి వచ్చే నీళ్ళు, నంద్యాల దగ్గర నల్లమల పాదాన మహానందిలో అడుగున రూపాయి బిళ్ళ కనిపించేంత తేటగా ఊరే నీళ్ళు. ఆ లోయ మధ్యలో కుందూ నది పారుతుంది, ఓర్వకల్లు వైపు పుట్టి నంద్యాల మీదుగా వెళ్ళి కడప జిల్లాలో పెన్నలో కలుస్తుంది. కొలిమిగుండ్ల దగ్గర బెలుం గుహలు చూసినవాళ్ళకు ఈ నీటి పని ఎంత పెద్దదో చెప్పక్కరలేదు. 3,229 మీటర్ల పొడవు, పైన చూస్తే మామూలు చేను, ఒక గుంత, మెట్లు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ అనే బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త వాటి గురించి రాశారు, తర్వాత వందేళ్ళకు 1982, 83లలో గెబౌర్ అనే జర్మన్ లోపలంతా కొలిచారు, 2002లో జనానికి తెరిచారు. లోపల చిట్టచివర, 46 మీటర్ల లోతున పాతాళగంగ అని సన్నటి ధార ఒకటి ఉంటుంది, రాతిలోకి జారిపోతుంది. పదో తరగతిలో బడి వాళ్ళు తీసుకెళ్ళినప్పుడు నేను ఆ ధార దగ్గరే నిలబడిపోయాను, మా సారు వచ్చి భుజం పట్టి లాక్కెళ్ళేదాకా.

ఇదంతా మనసులో ఉన్నవాడిని కాబట్టి, ఆఫీసు పని మీద స్లోవేనియా వెళ్ళమన్నప్పుడు ఎగిరి గంతేశాను. కార్స్ట్ అన్న మాటే ఆ దేశంలో క్రాస్ అనే పీఠభూమి పేరులోంచి వచ్చింది. రెండుసార్లు వెళ్ళాను, ఒకసారి మార్చిలో, మళ్ళీ ఆ ఏడే సెప్టెంబరు మొదట్లో. ఉండేది రాజధాని లుబ్లియానాలో. ఊరి మధ్యలోంచి పచ్చగా, నెమ్మదిగా ఒక నది పోతుంది, పేరు లుబ్లియానిత్స. అక్కడ నాతో పనిచేసిన ఒకాయన మాటల్లో "ఈ నదికి ఏడు పేర్లు" అన్నాడు. మన దగ్గరలాగా దేవుళ్ళ పేర్లేమో అనుకున్నాను. కాదట. అది కొంత దూరం పారి భూమిలోకి వెళ్ళిపోతుంది, కొండకు అవతల మళ్ళీ పైకి వస్తుంది, అలా వచ్చిన ప్రతిచోటా ఆ ఊరివాళ్ళు తమ నది అనుకుని తమ పేరు పెట్టుకున్నారు. త్రబుహోవిత్స, ఒబర్హ్, స్తర్జెన్, రాక్, పివ్క, ఉనిత్స, చివరికి లుబ్లియానిత్స. మనం అంతర్వాహిని అనే మాటను సరస్వతి కోసం దాచిపెట్టుకున్నాం కదా, ఇక్కడ ఒకే నది పదే పదే అంతర్వాహిని అవుతూ పోతుంది.

ఆ దారిలో నన్ను బాగా కుదిపేసింది త్సెర్క్నిత్స సరస్సు. మార్చిలో చూసినప్పుడు అది పెద్ద సరస్సు, కనుచూపు మేర నీళ్ళు, ఒడ్డున పడవలు, చుట్టూ మంచు కరుగుతున్న కొండలు. నిండుగా ఉన్నప్పుడు 20 చదరపు కిలోమీటర్లు దాటుతుంది. సెప్టెంబరులో అదే చోటికి వెళ్ళాను, ఫోన్‌లో పాత ఫొటో తీసి పక్కన పెట్టుకుని చూశాను, కొండలు అవే, చెట్లు అవే, సరస్సు లేదు. దాని అడుగున గడ్డి కోసి చుట్టలు చుట్టి పెట్టారు, ట్రాక్టర్ తిరుగుతోంది. నేను మార్చిలో పడవ చూసిన చోట నడిచాను. కాళ్ళ కింద నేల మెత్తగా ఉంది, అక్కడక్కడా ఎండిన నాచు, చిన్న చిన్న నత్త గుల్లలు.

ఇలాంటి పల్లపు మైదానాన్ని అక్కడివాళ్ళు పోల్యే అంటారు. ఆ మాటకు వాళ్ళ భాషలో అర్థం పొలం! మన పొలానికీ దానికీ చుట్టరికం ఏమీ లేదు, వట్టి కాకతాళీయం, అయినా ఆ మాట విన్నప్పుడు నాకు కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు. ఆ పొలంలో బిలాలు ఉంటాయి. కొన్ని నీళ్ళు పైకి కక్కేవి, కొన్ని మింగేవి, ఇంకొన్ని రెండు పనులూ చేసేవి, వానల కాలంలో కిందినుంచి నీళ్ళు పొంగించి ఎండలు వచ్చేసరికి అదే నోటితో మింగేవి. ఒక్కోదానికి ఒక్కో పేరు. ఒకటి రెషెతో, అంటే జల్లెడ. ఇంకోటి బోబ్నారిత్స, ఆ పేరు డప్పు అనే మాటలోంచి వచ్చింది, నీళ్ళు వచ్చేటప్పుడు లోపలినుంచి దడదడమని మోత వస్తుందట. శరత్తులో వానలు పట్టుకుంటే రెండు మూడు రోజుల్లో సరస్సు నిండిపోతుంది, వేసవిలో ఖాళీ కావడానికి మాత్రం వారాలు పడుతుంది. ఎందుకంటే రావడానికి దారులు ఎక్కువ, పోవడానికి గొంతు సన్నం. స్నానాల గది జాలిలో వెంట్రుకలు అడ్డం పడితే నీళ్ళు నిలబడతాయే, అంతే లెక్క.

నీళ్ళు దిగిపోతున్నప్పుడు చేపలు గుంతల్లో చిక్కుకుపోతాయి. వాటిని అక్కడి చేపల సంఘం వాళ్ళు పట్టి ఎప్పుడూ నీళ్ళుండే చోటికి మోసుకెళ్ళి వదులుతారు. ఈ సరస్సు వింతను 1680లలో వాల్వజోర్ అనే ఆయన వివరంగా రాసి లండన్ రాయల్ సొసైటీకి పంపాడు, దాంతోనే 1687లో ఆయనను సభ్యుడిగా తీసుకున్నారు. ఒకే చోట ఒకే ఏడాదిలో చేపలు పట్టడం, గడ్డి కోయడం, వేటాడడం ఎలా కుదురుతుందో ఆయన చెప్పాడు. నీళ్ళు ఎలా వస్తాయన్న దానికి ఆయన వేసిన బొమ్మల్లో భూగర్భ తొట్లు, గొట్టాలు కనిపిస్తాయి, అసలు సంగతి అంతకన్నా చిక్కుముడి, కానీ కింద ఇంకో లోకం ఉందని మాత్రం ఆయన సరిగ్గానే పట్టుకున్నాడు.

ఈ సరస్సును ఒక దారికి తేవాలని మనుషులు చేయని ప్రయత్నం లేదు. కొన్నాళ్ళు దీన్ని ఎండగట్టి పూర్తిగా పొలం చేద్దామని బిలాలు వెడల్పు చేశారు, వాగుల వంకరలు తీసి నిటారుగా తవ్వారు. అది చాలనట్టు 1960ల చివర్లో సరిగ్గా దానికి ఎదురు పని, నీళ్ళు ఏడాదంతా నిలబెడదామని, సరస్సు నీళ్ళు బయటికి పోయే కార్లోవిత్స గుహల నోళ్ళకు కాంక్రీట్ గోడ కట్టారు. నీళ్ళు వేరే సందుల్లోంచి వెళ్ళిపోయాయి. తర్వాత ఆ ఆలోచన మానుకున్నారు, ఈమధ్య కాలంలో కొన్ని వాగులకు పాత వంకరలు తిరిగి తవ్వి ఇచ్చారు కూడా. 2006లో ఆ సరస్సు రామ్‌సర్ జాబితాలో, అంటే ప్రపంచంలో ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలో చేరింది. చదివిన దానికన్నా నన్ను ఎక్కువగా పట్టుకున్నది ఆ రోజు ట్రాక్టర్ నడుపుతున్న పెద్దాయన మాట. నాతో వచ్చిన ఆ ఆఫీసు మిత్రుడు తర్జుమా చేసి చెప్పాడు. ఇక్కడ ఇల్లు కట్టుకోవచ్చు కదా, ఇంత స్థలం ఖాళీగా ఉంది అని నేను అడిగితే ఆయనకు ప్రశ్నే అర్థం కాలేదు. రెండోసారి అడిగించాను. "ఖాళీగా ఎక్కడుంది, సరస్సు ఉంది కదా" అన్నాడట, కోసిన గడ్డి మధ్యలో నిలబడి.

అక్కడినుంచి నీళ్ళు ఎక్కడికి పోతాయో చూద్దామని ఆ శనివారమంతా తిరిగాం. కార్లోవిత్స గుహల్లోకి దూరిన నీళ్ళు రాకోవ్ ష్కోత్సియాన్ అనే లోయలో రాక్ పేరుతో బయటికి వస్తాయి, పైన సహజంగా ఏర్పడిన రాతి వంతెనలు, కింద ఏరు. కొంత దూరం పోయి మళ్ళీ గుహలోకి. ఇంకో వైపునుంచి పివ్క నది పోస్తోయ్నా గుహల్లోకి దూరుతుంది, ఆ గుహలకు ప్రపంచమంతటినుంచీ జనం వస్తారు, లోపల చిన్న రైలు కూడా ఉంది. ఈ రెండూ భూమి లోపల, ప్లానినా గుహలో, చీకట్లో కలుస్తాయి. నదుల సంగమం అంటే మనకు మెట్లు, గుడి, పుష్కరాల రద్దీ. అక్కడి సంగమం కొండ కడుపులో ఉంది. బయటికి వచ్చేది ఉనిత్స, అది కూడా ఇంకో పోల్యేలో తిరిగి తిరిగి మునిగిపోయి, వర్హ్నిక అనే ఊరి దగ్గర ఊటలుగా లేచి, చివరికి లుబ్లియానిత్స అవుతుంది. అక్కడినుంచి రాజధాని దాకా పెద్ద చిత్తడి నేల, ఐదువేల ఏళ్ళ కిందట గుంజలు పాతి వాటి మీద ఇళ్ళు కట్టుకుని బతికిన మనుషుల ఊళ్ళు ఆ బురదలో దొరికాయి, 2002లో ఒక చెక్క చక్రం, ఇరుసుతో సహా. గాలి తగలని బురద కాబట్టి చెక్క కుళ్ళలేదు.

వర్హ్నిక వైపు పెద్ద వానల తర్వాత ఊటల్లోంచి పాలిపోయిన గులాబి రంగు జీవి ఒకటి కొట్టుకువచ్చేదట, జానెడు పొడవు, కళ్ళు పైకి కనిపించవు. కింద ఎక్కడో ఉన్న డ్రాగన్ పిల్లలు అనుకునేవాళ్ళు పాతకాలం వాళ్ళు. దాన్ని శాస్త్రంలో ప్రోటియస్ అంటారు, గుహల నీళ్ళలోనే పుట్టి అక్కడే వందేళ్ళ దాకా బతకగలదని అంచనా, ఏళ్ళ తరబడి తిండి లేకుండా ఉండగలదు. పోస్తోయ్నాలో తొట్టిలో చూశాను. అంత మెత్తటి చర్మం. నీళ్ళలో ఏది కలిస్తే అది ఆ చర్మంలోంచి లోపలికి పోతుంది కదా అనిపించి ఎక్కువసేపు చూడలేకపోయాను.

ఆ భయం ఊరికే రాలేదు. మామూలు నేలలో వాన నీరు మట్టిలోంచి, ఇసుకలోంచి మెల్లగా దిగుతూ వడకట్టుకుంటుంది. సున్నపురాతి నేలలో ఆ వడపోత ఉండదు, బిలంలోకి వెళ్ళింది వెళ్ళినట్టు ఊటలోకి వస్తుంది. 1901 ఆగస్టులో ఫ్రాన్స్‌లో పోంతార్లియే అనే ఊళ్ళో అబ్సింత్ అనే మద్యం చేసే కర్మాగారం మీద పిడుగు పడి అంటుకుంది, తొట్లు పేలకుండా మద్యాన్ని వదిలేస్తే అది దూబ్ నదిలో కలిసింది. రెండు మూడు రోజులకు కొండ అవతల లూ అనే ఇంకో నది ఊట దగ్గర అబ్సింత్ వాసన! అప్పటిదాకా ఆ రెంటికీ సంబంధం ఉందని ఎవరికీ తెలియదు. ఆ కథ చెప్పుకోవడానికి సరదాగానే ఉంటుంది కానీ స్లోవేనియాలోనే క్రుపా నది సంగతి అలా కాదు. అక్కడ దగ్గర్లోని ఒక ఫ్యాక్టరీ ఏళ్ళ తరబడి పీసీబీ అనే విషపు నూనె వ్యర్థాలను చుట్టుపక్కల గుంతల్లో పారేసింది, 1983లో చూస్తే ఆ విషం ఊట నీళ్ళలో ఉంది, ఇన్ని దశాబ్దాల తర్వాత కూడా బురదలో ఇంకా మిగిలే ఉంది.

మా బెలుంలో కూడా ఒకప్పుడు చుట్టుపక్కలవాళ్ళు చెత్త తెచ్చి వేసేవాళ్ళు. ఊరివాళ్ళే కొందరు పట్టుబట్టి ఆపించి శుభ్రం చేయించారు, వాళ్ళకు చేతులెత్తి మొక్కాలి. ఇప్పుడు మా వైపు గుంత కనిపిస్తే కోళ్ళ ఫారం చెత్త వేస్తున్నారు, పాత బోరుగుంతలో ప్లాస్టిక్ కుక్కుతున్నారు, సున్నపురాయి కాబట్టి సిమెంటు కోసం తవ్వకాలు ఎటూ ఉంటాయి. తవ్వకం వద్దని నేను చెప్పలేను, నా ఇల్లూ సిమెంటుతో కట్టిందే. కానీ ఏ ఊట ఏ బిలంనుంచి వస్తోందో రంగు నీళ్ళు పోసి చూసి, ఆ తర్వాతే ఎక్కడ తవ్వాలో తేల్చాలి. రంగు పరీక్ష కొత్త విద్య కాదు, నూరేళ్ళ పైబడి చేస్తున్నదే, పెద్ద ఖర్చు కూడా కాదు.

అమ్మ ఇక్కడ నన్ను ఆపి "అది సరే, మనం ఉండేది మద్రాసులో కదా" అంది. నిజమే, చెన్నై కార్స్ట్ నేల కాదు, ఇక్కడ బిలాలు లేవు, నీళ్ళు బంకమట్టి మీద పరుచుకుని నిలబడతాయి. అయినా మాకు మా నేలతో తెగని చుట్టరికం ఉంది. 1983లో ఎన్.టి.రామారావు, ఎం.జి.రామచంద్రన్ కాలంలో ఒప్పందమై 1996లో చెన్నైకి నీళ్ళిచ్చే పూండి జలాశయానికి చేరిన తెలుగుగంగ నీళ్ళు శ్రీశైలంనుంచి మా నంద్యాల లోయ పక్కగానే వెలుగోడు, బ్రహ్మంసాగర్, సోమశిల, కండలేరు దాటి ఇక్కడికి వస్తాయి. చెన్నై చెరువులన్నీ ఎండిన 2019 ఎండాకాలంలో ట్యాంకర్ కోసం బిందె పట్టుకుని నిలబడినప్పుడు నేను ఎన్నిసార్లు ఆ దారి తలుచుకున్నానో.

మేము వేళచ్చేరి దగ్గర ఫ్లాట్ కొన్నప్పుడు బ్రోకర్ చూపించిన మొదటి స్థలం ఒక ఏరి పక్కన, ఏరి అంటే తమిళంలో చెరువు. "సార్, పదేళ్ళుగా ఎండిపోయి ఉంది, ఇక నీళ్ళు రావు" అన్నాడు. అది కొనలేదు, కానీ కొన్నది కూడా ఏమంత మెరుగైన చోటు కాదు, 2015 డిసెంబరులో మా కింది అంతస్తులో మంచం మునిగేదాకా నీళ్ళు వచ్చాయి. అమ్మను నలుగురం కుర్చీలో కూర్చోబెట్టి పైకి మోశాం. నీళ్ళు రావు అన్న చెరువుకు నీళ్ళు వచ్చాయి, అంతే, చెరువు తన చోటికి తను వచ్చింది. పళ్ళికరణై చిత్తడి నేలనే తీసుకోండి, 2022లో రామ్‌సర్ జాబితాలో చేరింది, 1,247 హెక్టార్లు, ఒకప్పుడు దానికి ఎన్నో రెట్లు ఉండేది. దక్షిణ చెన్నై చెరువుల నీళ్ళన్నీ గొలుసుకట్టుగా అక్కడికి దిగి ఒక్కియం మడువు అనే కాలువ మీదుగా సముద్రానికి పోవాలి. ఎండాకాలంలో తడి ఆరినప్పుడు చూసినవాడికి అది ఖాళీ జాగా, ఆ కళ్ళతోనే కొంత చెత్తకుప్ప అయ్యింది, కొంత ఆఫీసులు అయ్యింది, మిగతాది రోడ్డు.

ఇది ఈ తరం చేసిన పని మాత్రమే కాదు. మన తెలుగువాళ్ళందరం పండగకు బట్టలు కొనడానికి వెళ్ళే టీ నగర్, త్యాగరాయ చెట్టి గారి పేరు, పానగల్ రాజా గారి పేరుతో పార్కు, ఆ పేటంతా 1920లలో లాంగ్ ట్యాంక్ అనే పొడవాటి చెరువును పూడ్చి వేసింది. మాంబలంలో లేక్ వ్యూ రోడ్డు, నుంగంబాక్కంలో ట్యాంక్ బండ్ రోడ్డు ఇప్పటికీ బోర్డుల మీద ఉన్నాయి. లేక్ వ్యూ రోడ్డులో నిలబడి నాలుగు వైపులా చూస్తే గోడలే కనిపిస్తాయి.

త్సెర్క్నిత్సలో ఏడాదికోసారి సరస్సు మాయమవుతుంది, అయినా అక్కడ ఎవరూ దాన్ని చచ్చిపోయింది అనుకోరు. మనం రెండు కరువు ఏళ్ళు వస్తే చాలు, చెరువును రెవెన్యూ కాగితాల్లోంచి కూడా తీసేయడానికి సిద్ధమవుతాం. నీళ్ళు లేని నెలల్లో దాన్ని మేత బయలుగా, పిల్లల ఆట స్థలంగా, ఎండిన చెరువులో దోసపాదులు పెట్టుకునే చోటుగా మా తాతల కాలంలో మనమూ వాడుకున్నవాళ్ళమే. మా ఊళ్ళో చెరువు ఎండితే పూడిక మట్టి బండ్లతో తోలి చేలకు వేసుకునేవాళ్ళు. ఎండడం కూడా చెరువు పనిలో భాగమే అని తెలిసిన వాళ్ళు. ఆ తెలివి మా అవ్వకు ఉంది, ఆ ట్రాక్టర్ పెద్దాయనకు ఉంది, మాకు ఫ్లాట్ చూపించిన బ్రోకర్‌కు లేదు, ఆ ప్లానుకు సంతకం పెట్టినవాళ్ళకు లేదు. నాకు కోపం వచ్చేది అక్కడే.

ఇంత చెప్పాక అమ్మ మళ్ళీ గట్టు మీద మచ్చను వేలితో తడిమి చూసింది. "గరుకుగా ఉంది" అంది. తర్వాత "ఆ సరస్సు ఇప్పుడు ఉందా, పోయిందా" అని అడిగింది. ఇది నవంబరు కదా, చెప్పలేను అన్నాను. నా లుబ్లియానా మిత్రుడికి మెసేజ్ పెట్టాను. రాత్రి పది దాటాక జవాబు వచ్చింది, ఫొటో కూడా. గడ్డి చుట్టలు ఉన్న చోట బూడిద రంగు నీళ్ళు, రోడ్డు అంచు దాకా. మొన్న గురువారం వాన మొదలైంది, శనివారానికి నిండింది అని రాశాడు. అమ్మ ఫోన్ దగ్గరికి పెట్టుకుని ఫొటోను పెద్దది చేసి చూసి, మీ అవ్వ ఉంటే ఎంత సంబరపడేదో అంది.